కూర్చునే ఉద్యోగం

పొద్దున్న ఆరున్నరకి మార్కెటింగ్ పాఠం చెప్పడం కష్టం, వినడం ఇంకా కష్టం. మాది పొద్దుటి కాలేజీ. ఉద్యోగాలు చేసుకునేవాళ్ల కోసం పెట్టారు. తొమ్మిదింటికల్లా అయిపోతుంది. ఆ తర్వాత అవే గదుల్లోకి మామూలు కాలేజీ పిల్లలు కంటినిండా నిద్రపోయి వస్తారు. మావాళ్లు మాత్రం సగం నిద్ర వెంట తెచ్చుకుంటారు. కొరియర్ ఆఫీసులో మూటలు సర్దేవాడు, మందుల దుకాణంలో పనిచేసేవాడు, ఇద్దరు బ్యాంకు అటెండర్లు, ఫోన్లు బాగుచేసే ఎడమచేతివాటం మెకానిక్ ఒకడు, ఇలా ఓ ముప్ఫైమంది. ఇరవై రెండేళ్లుగా వీళ్లకి బిజినెస్ మేనేజ్‌మెంట్ చెబుతున్నాను. ఈ ఇరవై రెండేళ్లలో నేను ఒక్క వ్యాపారం చెయ్యలేదు, ఒక్క వస్తువూ అమ్మలేదు. మా ఇంట్లో పాత బీరువా ఒకటి అమ్మబోతే ఎవరూ కొనక అది ఇప్పటికీ వంటగదికి అడ్డంగానే ఉంది. అయినా సరే, మార్కెటింగ్ అంటే ఏమిటో నిద్రలో లేపి అడిగినా నిర్వచనం చెప్పేస్తాను.

కొత్త బ్యాచి వచ్చినప్పుడల్లా మొదటి రోజు అందరినీ ఒకటే అడుగుతాను, ఈ చదువుకి ఎందుకొచ్చారని. సొంత కంపెనీ పెడతానని ఒకడంటాడు. జీవితంలో ఎదగాలని ఇంకొకడంటాడు, ఎక్కడిదాకా ఎదుగుతాడో చెప్పడు. ఆ ఏడు మూడో బెంచీ చివర ఒకావిడ కూర్చుంది. ముప్ఫై అయిదు దాటి ఉంటాయి. వంతు వచ్చేసరికి లేచి నిలబడబోయి, మళ్లీ కూర్చుండిపోయి, "కూర్చోడానికి సార్" అంది.

క్లాసంతా గొల్లుమంది. నేనూ నవ్వాను. వెటకారమేమో అనుకున్నాను. ఆవిడ మాత్రం నవ్వలేదు, ఎందుకు నవ్వుతున్నామో తెలియనట్టు అందరినీ చూసింది. క్లాసయ్యాక అడిగితే అప్పుడు చెప్పింది.

ఆవిడ ఒక సూపర్‌మార్కెట్లో శాంపిళ్లు ఇచ్చే మనిషి. కొత్త బిస్కెట్టో, కొత్త జ్యూసో వస్తే చిన్న చిన్న ముక్కలుగా, చిన్న చిన్న కప్పుల్లో పెట్టుకుని, వచ్చేపోయేవాళ్లకి మరీ అడ్డం రాకుండా, మరీ దూరమూ కాకుండా నిలబడి, "ఒకసారి రుచి చూడండి" అంటూ ఉండాలి. తల మీద తెల్ల టోపీ, ఒంటి మీద నీలం ఏప్రన్. పదింటి నుంచి ఏడింటి దాకా, మధ్యలో అన్నానికి అరగంట. శాంపిళ్లు ఇచ్చేవాళ్లు కూర్చోకూడదని అక్కడ నియమం. గోడకి ఆనుకోనూ కూడదు. అలా పదకొండేళ్లుగా నిలబడుతోంది. కాళ్ల నరాలు ఉబ్బిపోయాయనీ, ఇంకో మూడేళ్లు ఇలాగే గడిస్తే ఆపరేషన్ తప్పదనీ, కూర్చునే పనేదైనా చూసుకోమనీ డాక్టరు చెప్పాడట. ఆ స్టోర్లో కూర్చునే పని ఒక్కటే ఉంది, సూపర్‌వైజర్ పని. ఆ కుర్చీలో ఉన్న పెద్దాయన మూడేళ్లలో రిటైరవుతాడు. ఆ కుర్చీ ఎక్కాలంటే బిజినెస్ మేనేజ్‌మెంట్‌లో డిగ్రీ ఉండి తీరాలి. చదువూ మూడేళ్లే. లెక్క బాగానే కుదిరింది గానీ, ఎక్కడైనా ఒక్క పేపరు పోయిందంటే మొత్తం పోయినట్టే.

వాళ్లాయనది బస్టాండులో టికెట్లిచ్చే ఉద్యోగం. పొద్దస్తమానం కూర్చునే ఉండాలి. "ఇంటికెళ్లేసరికి ఆయనకి నడుంనొప్పి, నాకు కాళ్లనొప్పి. ఎవరు ఎవరికి మందు రాయాలో తేలక ఇద్దరం అలాగే పడుకుంటాం సార్" అని చెప్పింది. ఎనిమిదో తరగతి చదివే కూతురు ఒకతి. వారం తిరక్కుండానే క్లాసులో ఆవిడకి శాంపిలక్క అని పేరు పడిపోయింది. ఆవిడ కాదనలేదు.

మూడేళ్లూ ఒక్క రోజు నాగా పెట్టలేదు. బెంచీ మీద కూర్చోగానే చెప్పులు విడిచి, ఎదుటి బెంచీ కింద కడ్డీ మీద పాదాలు పెట్టుకునేది. మిగతావాళ్లకి ఆ బెంచీలు ఇరుకు, గట్టివి. ఆవిడొక్కతే వాటి మీద ఏ ఫిర్యాదూ చెయ్యలేదు.

చదువులో మాత్రం ఆవిడతో నాకు తలప్రాణం తోకకొచ్చింది. తెలివి లేక కాదు, తెలిసి. మొదటి పరీక్షలో, కొనేవాళ్ల ప్రవర్తన మీద ప్రభావం చూపే అంశాలు రాయమన్నాను. పుస్తకంలో అవి నాలుగు. పక్కన ఒక బొమ్మ కూడా ఉంటుంది. ఆవిడ ఏం రాసిందో నాకింకా గుర్తుంది. భోజనానికి ముందు వచ్చేవాళ్లు ముక్క తీసుకుంటారు, భోంచేసి వచ్చేవాళ్లు ప్లేటు వంక చూడరు. మొగుడూ పెళ్లాం కలిసొస్తే ప్లేటు ఆవిడ వైపు జరపాలి, ఆయన్ని పలకరించకూడదు. పిల్లలతో వస్తే ముందు పిల్లల చేతికిచ్చి ఆ తర్వాత పెద్దవాళ్లని అడగాలి, ముందే అడిగితే వద్దంటారు. ఇలా మూడు పేజీలు. పదికి మూడు వేశాను. ఆ మూడూ దస్తూరీకి.

పేపరు పట్టుకుని వచ్చి ఇందులో తప్పేముందని అడిగింది. తప్పేమీ లేదన్నాను. పరీక్షలో పుస్తకంలో ఉన్నది రాయాలి గానీ మీకు తెలిసింది కాదమ్మా అన్నాను. ఎంత సుళువుగా అన్నానో తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది. ఆవిడ తలూపి వెళ్లిపోయింది. ఆ తర్వాత నుంచి నాలుగు అంశాలూ బొమ్మతో సహా దించేసేది. ఎనిమిదులూ తొమ్మిదులూ పడ్డాయి. నా శిక్షణ అలాంటిది.

మూడో ఏడు ప్రాజెక్టు ఉంటుంది. ఏదైనా ఒక వస్తువు తీసుకుని, వందమందిని ప్రశ్నలు అడిగి, వచ్చిన జవాబులకి లెక్కలు కట్టి, గుండ్రటి బొమ్మలు గీసి, అట్ట వేయించి ఇవ్వాలి. ఎక్కడి నుంచో పెద్ద పరీక్షకుడు వచ్చి దాని మీద ప్రశ్నలు వేస్తాడు. ఇది పోతే డిగ్రీ ఆగిపోతుంది, మళ్లీ ఏడాది దాకా దిక్కులేదు.

ఆ వందమందినీ ఎవరూ అడగరు. ఇది మా కాలేజీలో గోడలకి కూడా తెలిసిన రహస్యం. కాంటీన్‌లో కూర్చుని నింపేస్తారు. నాలుగు రంగుల పెన్నులు, రెండు పెన్సిళ్లు, కొన్ని కాగితాలు మడతపెట్టి, కొన్నిటి మీద టీ గ్లాసు పెట్టి తీసి, అచ్చం వీధిలో తిరిగొచ్చినట్టు తయారుచేస్తారు. ఎడమచేతి మెకానిక్‌కి ఆ వారమంతా గిరాకీ, అతని రాత వేరుగా ఉంటుంది కాబట్టి. నాకు తెలుసు. నాకు తెలుసని వాళ్లకీ తెలుసు. చదువుకునే రోజుల్లో నేనూ అలాగే నింపాను, మా గురువుగారూ అలాగే సంతకం పెట్టారు. ఫలితం ఏటా ఒక్కటే. సగం మంది రుచి చూసి కొంటారు, మూడో వంతు ధర చూసి కొంటారు, మిగతావాళ్లు కంపెనీ పేరు చూసో, ప్రకటన చూసో. చివర్లో "ఇతర కారణాలు" అని ఒక గడి ఉంటుంది, దానికి అయిదో ఆరో వేస్తారు, మరీ ఖాళీగా ఉంటే బాగుండదని. మా లైబ్రరీలో ఉన్న రిపోర్టుల్ని నమ్మితే ఇరవై ఏళ్లుగా జనం ఏమీ మారలేదు.

శాంపిలక్కకి ఈ కాంటీన్ సంగతి ఎవరూ చెప్పలేదో, చెప్పినా చెవికెక్కలేదో, నిజంగానే వందమందిని అడిగింది. తను ముక్కలిచ్చే బిస్కెట్టు మీదే. ఏడింటికి పని అయ్యాక టోపీ, ఏప్రన్ తీసి సంచిలో పెట్టుకుని, స్టోరు బయట గేటు దగ్గర అట్టకి ఫారాలు తగిలించుకుని ఇంకో గంట నిలబడేది. మూడు వారాలు. ఆ బిస్కెట్టు ప్యాకెట్టు కొన్నవాళ్లనే ఆపి అడిగేది. టోపీ తీసేస్తే ఎవరూ గుర్తుపట్టరట. అయిదు నిమిషాల కిందట తన చేతి ముక్క తిన్నవాళ్లే, "లోపల ఒకావిడ పెడుతోందండీ" అని తనకే చెప్పేవారట. ఇది చెప్పి నవ్వింది కూడా.

ఒకరోజు తొమ్మిదింటికి క్లాసు అయ్యాక ఫారాల కట్ట తెచ్చి నా బల్ల మీద పెట్టింది. పక్కన స్టూలు లాక్కుని కూర్చుంది. నేను తిరగేశాను. పేరు, వయసు, ఇంట్లో ఎంతమంది, అన్నీ బాగానే ఉన్నాయి. ఏడో ప్రశ్న దగ్గర ఆగాను. ముక్క రుచి చూశాక ప్యాకెట్టు ఎందుకు కొన్నారు? రుచికి పందొమ్మిది మంది. ధరకి పదిహేను. కంపెనీ పేరుకి ఆరు, ప్రకటనకి మూడు. మిగతా యాభై ఏడుగురూ ఇతర కారణాల గడిలో టిక్కు పెట్టి, పక్కన గీత మీద ఏదో రాశారు.

చదివాను. ఆవిడ పొద్దున్నుంచీ నిలబడే ఉంది. తినేసి ఊరికే పోవడానికి మనసొప్పలేదు. కాళ్లు మార్చి మార్చి నిలుచుంటోంది పాపం. మా అమ్మ గుర్తొచ్చింది. కాదంటే ఏమనుకుంటుందో అని. ఆవిడ మొహం చూసి. పెద్దావిడ చేత అన్నిసార్లు అడిగించుకోవడం ఎందుకని. పాపం. పాపం. ఒకాయన ఆ ఒక్క మాటే రాసి కింద గీత కూడా గీశాడు.

అప్పుడు ఆవిడే చెప్పింది, ముందు ఈ కట్టలో ఎనభై తొమ్మిదే ఉన్నాయట. లెక్కలు కట్టే పని కూతురికి ఇచ్చింది. పిల్ల సాయంత్రమంతా కూర్చుని గీతలు గీసి, ఎనభై తొమ్మిదే వచ్చాయమ్మా అందట. వంద నింపించింది తను, తనకి తెలియదా. మర్నాడు పిల్ల లెక్కల పుస్తకంలో పదకొండు దొరికాయి. అడుక్కున్నట్టు అడుగుతోంది అని రాసినవీ, ముసలావిడ అని రాసినవీ ఏరి దాచేసింది. వాళ్లమ్మ చూడకూడదని.

"తిట్టారా పిల్లని?" అన్నాను.

"లేద్సార్. తిట్టడానికేముంది" అంది. ఫారాల అంచులు సర్దుతూ, "స్టోరు మొత్తం మీద అందరికంటే ఎక్కువ అమ్మేది నేనే సార్. కొత్తపిల్లలకి నేర్పేది కూడా నేనే. ఎలా పిలవాలి, ప్లేటు ఎంత ఎత్తులో పట్టుకోవాలి, అన్నీ. పద్నాలుగేళ్లూ నా మాట మీద కొంటున్నారనుకున్నాను. నా కాళ్లు చూసి కొన్నారంటే…" అని ఆపేసింది.

అప్పుడు నేను మనిషిగా ఒక మాట అనాల్సింది. మాస్టారుగా అన్నాను. ఇతర కారణాల గడికి పదిశాతం దాటకూడదు, అది పద్ధతి. దాటిందంటే ప్రశ్నలు తయారుచెయ్యడంలోనే లోపముందని అర్థం, పరీక్షకుడు అట్ట తిప్పగానే పక్కన పడేస్తాడు అన్నాను. అబద్ధం కాదు, పుస్తకంలో అలాగే ఉంది. యాభై ఏడింటినీ ఏదో ఒక గడిలోకి సర్దమన్నాను. రుచికి ఓ ముప్ఫై, ధరకి ఓ పదిహేను, ఆపైన చూసుకోమన్నాను.

"జనం ఎందుకు కొంటారో తెలుసుకోడానికే కదా సార్ ఈ చదువు?"

"మీకు ఆ కుర్చీ కావాలా వద్దా అమ్మా?"

ఆవిడ నా వంక చూసింది. కోపంగా కాదు, అలిసిపోయి. ఇంటికి వెళ్లేదాకా ఆ చూపు నా వెంటే వచ్చింది. కానీ ఏం చెయ్యను? చదువు నేను కనిపెట్టలేదు. ఆ పెద్దాయన జూన్‌లో రిటైరవుతున్నాడు. పరీక్షకుణ్ణి ఎదిరించి ఆవిడ తరఫున వాదించేంత దమ్ము నాకు ఏనాడూ లేదు, ఆ ఏడు కొత్తగా పుట్టుకురాలేదు.

మర్నాడు ఆవిడ కాంటీన్‌లో కనబడింది. ముందు కొత్త ఫారాలు, నాలుగు పెన్నులు. ఎడమచేతి మెకానిక్ పక్కన కూర్చుని రాసిపెడుతున్నాడు. రాసిపెట్టినందుకు అందరి దగ్గరా టీ తాగేవాడు, ఆవిడ దగ్గర వద్దన్నాడట. నేను అటు వెళ్లకుండా వరండా చుట్టూ తిరిగి స్టాఫ్‌రూముకి పోయాను.

పరీక్షకుడు వచ్చాడు. గుండ్రటి బొమ్మలు చూసి ముచ్చటపడ్డాడు. ఇతర కారణాల గడికి ఆరే ఉండటం చూసి, ప్రశ్నలు చాలా జాగ్రత్తగా తయారుచేశారు అన్నాడు. ఇంత క్రమశిక్షణతో సర్వే చేసినవాళ్లని ఈమధ్య చూడలేదన్నాడు. ఆవిడ చేతులు కట్టుకుని అవున్సార్ అంది. ఫస్ట్ క్లాసు వచ్చింది.

జూన్‌లో ఆ కుర్చీ కూడా వచ్చింది. చెప్పడానికి పనిగట్టుకుని పొద్దున్నే కాలేజీకి వచ్చింది. కింద చక్రాలున్న ఆఫీసు కుర్చీ అట, గుండ్రంగా తిరుగుతుందట, ఒక చక్రం మాత్రం మొరాయిస్తుందట. మొదటి రోజు కూర్చుని కూర్చుని సాయంత్రానికి నడుం పట్టేసిందనీ, ఆ మాట చెబితే వాళ్లాయన పడీ పడీ నవ్వాడనీ చెప్పింది. మూడేళ్లలో ఆవిడ మొహం అంత తేటగా ఎప్పుడూ చూడలేదు. సరే, తప్పో ఒప్పో ఒక మనిషికి మేలు జరిగిందిలే అనుకున్నాను. ఆ రోజు నా పాఠం కూడా కాస్త హుషారుగా నడిచిందని విద్యార్థులన్నారు.

ఆవిడ ఆ కుర్చీలో కూర్చుని చేసిన మొదటి పని, శాంపిళ్లిచ్చే నలుగురు అమ్మాయిలకీ ఎత్తు స్టూళ్లు వేయించడం. ఊరికే అడిగితే మేనేజరు వినడు. అందుకని నా నోట్సే ముందు పెట్టుకుని, ఉద్యోగుల పనిసామర్థ్యం, అలసట తగ్గిస్తే కలిగే లాభాలు, అంటూ రెండు పేజీలు రాసింది. మేనేజరుకి అందులో సగం అర్థమైనట్టు లేదు గానీ, అర్థం కాలేదని చెప్పుకోలేక ఒప్పుకున్నాడు. మూడు నెలలు చూద్దాం అన్నాడు.

మొదటి నెల తిరిగేసరికి అమ్మకాలు మూడో వంతు పడిపోయాయి. బిస్కెట్టు అదే, ధర అదే, అమ్మాయిలు వాళ్లే. నవ్వుతూనే పిలుస్తున్నారు, కూర్చుని పిలుస్తున్నారు. జనం ముక్క తీసుకుంటున్నారు, నములుతూ ముందుకి వెళ్లిపోతున్నారు. వెనక్కి తిరిగి చూసేవాడు లేడు. కారణమేమిటో తేల్చి కాగితం మీద రాసివ్వమన్నాడు మేనేజరు. మీరు చదువుకున్నారు కదా, సర్వే చెయ్యండి అన్నాడు.

ఆవిడకి సర్వే అక్కర్లేదు. కారణం తెలుసు. కూతుర్ని పక్కన పెడితే లోకంలో ఇంకో మనిషికి కూడా తెలుసు, అది నేను. అందుకే నా దగ్గరికి వచ్చింది. ఉన్నదున్నట్టు రాస్తే స్టూళ్లు సాయంత్రానికల్లా పోతాయి. అంతటితో ఆగదు. నిలబెడితే అమ్ముడవుతుందని ఆ మేనేజరుకి ఒకసారి తెలిసిందంటే, ఇంకెంతసేపు నిలబెట్టవచ్చో ఆలోచించడం మొదలుపెడతాడు. అలిసినట్టు కనబడేవాళ్లని ఏరి ముందు నిలబెట్టినా పెడతాడు.

ఏం చెయ్యమంటారు అని ఆవిడ నన్ను అడగలేదు. తను చెయ్యబోయేది నాకు చెప్పింది. రుచి మారింది, అందుకే కొనడంలేదు, అని వందమంది చెప్పినట్టు ఫారాలు నింపుతుందట. "మీరు నేర్పిందేగా సార్" అంది. ఎత్తిపొడుపు కాదు, మామూలుగానే అంది.

నింపింది. బొమ్మలు గీసింది. మేనేజరు కంపెనీకి రాశాడు, కంపెనీవాళ్లు బిస్కెట్టు క్రీములో నారింజ తగ్గించి నిమ్మ పెంచారు. ఆ కొత్త రుచి వచ్చి, అదీ సరిగ్గా అమ్ముడవట్లేదని తేలేదాకా ఇంకో రెండు నెలలు స్టూళ్ల జోలికి ఎవరూ రాలేదు. అబద్ధం ఎన్నాళ్లు మోస్తుంది గనక. అయినా నాకు లోలోపల సంతోషంగా ఉండేది. నా చదువు ఒకందుకు కాకపోతే ఒకందుకు, నలుగురు ఆడపిల్లల్ని కూర్చోబెట్టింది కదా అని.

మళ్లీ ఈమధ్యే వచ్చింది, వానాకాలం చివర్లో. స్టాఫ్‌రూములో నేనొక్కణ్ణే ఉన్నాను. కూర్చోమన్నాను, కూర్చుంది. మోకాళ్ల దాకా బిగుతు మేజోళ్లు వేసుకుని ఉంది, డాక్టరు ఇచ్చేలాంటివి. స్టూళ్లు పోయాయా అని అడిగాను. ఉన్నాయంది. మేనేజరు తీయించలేదట. అసలు అతనికి ఇప్పటికీ కారణం తెలియదట.

"అమ్మాయిలే వచ్చారు సార్. నలుగురూ కలిసే వచ్చారు. అక్కా, ఆ స్టూళ్లు తీసేయించు అన్నారు."

నాకు అర్థం కాలేదు. ఆవిడే చెప్పింది. అమ్మకం తగ్గితే ముందు పోయేది వాళ్ల ఉద్యోగాలే, ఆ సంగతి వాళ్లకి తెలుసు. మేనేజరు లేనప్పుడు నలుగురూ ఒక ఒప్పందం చేసుకుని చూశారట. ఒకరోజు ఇద్దరు కూర్చుని ఇద్దరు నిలబడటం, మర్నాడు మార్చుకోవడం. నిలబడ్డవాళ్ల దగ్గరే అమ్ముడవుతోందని నాలుగు రోజుల్లో తేలిపోయింది. ఎవరినీ ఏమీ అడగలేదు, ఫారాలు లేవు, బొమ్మలు లేవు. అందరిలోకీ చిన్నది, పందొమ్మిదేళ్ల పిల్ల, ఇంకో సంగతి కూడా కనిపెట్టిందట. ఊరికే నిలబడితే చాలదు, అప్పుడప్పుడూ ఒక కాలి మీద బరువు వేసి మొహం కాస్త దించాలి అని. అది మిగతా ముగ్గురికీ నేర్పింది.

"ఆ పిల్లకి కాళ్లనొప్పుల్లేవు సార్. ఇంకా లేవు. నన్ను చూసి నేర్చుకుంది."

బయట మామూలు కాలేజీ పిల్లలు వస్తున్నారు, వరండా అంతా గోల. ఆ రోజు ఆ యాభై ఏడు కాగితాలూ తీసి పరీక్షకుడి ముందు పెట్టమని చెప్పి ఉంటే ఏమయ్యేదో నాకు తెలియదు. బహుశా ఆవిడ పరీక్ష తప్పేది. బహుశా ఏమీ మారేది కాదు. కానీ ఒక మనిషి పద్నాలుగేళ్ల బతుకు కట్టగట్టి తెచ్చి నా బల్ల మీద పెడితే, దాన్ని పదిశాతంలో పట్టించమని నేను చెప్పాను. అది నేను చేసిన పనే. ఇంకెవరి మీదా తొయ్యలేను.

స్టూళ్లు తీయించలేదట ఆవిడ. మనసు రాలేదట. కౌంటర్ల వెనక అలాగే ఉన్నాయి, అమ్మాయిలు వాటి మీద సంచులు పెట్టుకుంటున్నారు. మరి మీరో, మీ కుర్చీ ఉంది కదా అన్నాను. ఉందంది. ఆ గదికి అద్దం గోడ, కూర్చుంటే నలుగురూ ఎదురుగా కనబడతారు. నిలబడి ఉన్నవాళ్లని చూస్తూ కూర్చోవడం తన వల్ల కావడంలేదంది. మొదట కాసేపు వెళ్లి వాళ్ల పక్కన నిలబడేదట. ఇప్పుడు రోజంతా అక్కడే. ఆపరేషన్‌కి డాక్టరు తారీఖు ఇచ్చేశాడు, వచ్చే నెల పన్నెండున.

"అయ్యాక మూడు వారాలు కదలకుండా పడుకోవాలట సార్. కూర్చోకూడదట కూడా" అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు. లేచి నిలబడ్డాను, ఎందుకు నిలబడ్డానో తెలియదు. ఆవిడ వెళ్లేదాకా అలాగే నిలబడి ఉన్నాను.